పదునొకండు పేటల తీర్పు

ఎన్నికల ఫలితములు వెలువడిన మరునాడు పత్రికలలో పటములు అచ్చగుట పరిపాటి. ఏ పేట యే పక్షమునకు దక్కెనో ఆ పక్షపు రంగును ఆ పేటపై పూసి చూపుదురు. చదువరికి ఒక్క చూపులో సర్వము బోధపడినట్లే తోచును. కాని ఆ రంగు క్రింద వీధి యున్నది. వీధి ప్రక్కన కాలువ యున్నది. కాలువ యొడ్డున ఇల్లున్నది. ఆ యింట ఓటు వేసిన మనుష్యుడున్నాడు. అతడేమి తలచి వేసెనో పటము చెప్పదు. 2020 డిసెంబరు 4వ తేదీన హైదరాబాదు మహానగర పాలక సంస్థ యెన్నికల ఫలితములు ప్రకటించినపుడు, నగరమునకు తూర్పున నున్న దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతముల విషయమున జరిగినది సరిగా ఇదే.

ఆ యెన్నికలలో మొత్తము 150 డివిజనులు. 2016లో వానిలో 99 గెలుచుకొన్న తెలంగాణ రాష్ట్ర సమితి ఈసారి 56 దగ్గర నిలిచిపోయెను. నాడు నాలుగే గెలిచిన భారతీయ జనతా పక్షము 48కి పెరిగెను. మజ్లిసు రెండుమార్లును 44 నిలుపుకొనెను. కాంగ్రెసు రెండుమార్లును రెండింటితోనే తృప్తిపడెను. ఎల్.బి. నగరు శాసనసభా నియోజకవర్గమున పదునొకండు డివిజనులు: నాగోలు, మన్సూరాబాదు, హయత్‌నగరు, బి.ఎన్. రెడ్డి నగరు, వనస్థలిపురము, హస్తినాపురము, చంపాపేట, లింగోజీగూడ, కొత్తపేట, చైతన్యపురి, గడ్డిఅన్నారము. ఈ పదునొకండును భారతీయ జనతా పక్షమునకే దక్కినవి. ఆనుకొనియున్న సరూర్‌నగరు, ఆర్.కె. పురము కూడ అదే త్రోవ పట్టినవి. పటముపై తూర్పు భాగమంతయు ఒకే రంగు. విజేతలు దానిని సిద్ధాంత విజయమనిరి. ఓడినవారు తాత్కాలికమైన ఆవేశమనిరి. వ్యాఖ్యాతలు రాబోవు శాసనసభ యెన్నికలకు జాతకచక్రము వేసిరి. ముగ్గురును కాలువ మాట మరచిరి.

ఆ ప్రాంతపు చరిత్ర కొంచెము తెలిసిననే గాని ఆ తీర్పు అర్థము కాదు. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు పుట్టుకతో హైదరాబాదు పురపాలనలోనివి కావు. లాల్ బహదూర్ నగరమునకు వేరుగా పురపాలక సంఘముండెను. దిల్‌సుఖ్‌నగరు పరిసరములకు గడ్డిఅన్నారము పురపాలక సంఘముండెను. 2007 ఏప్రిలు 16న పండ్రెండు పురపాలక సంఘములను, ఎనిమిది గ్రామ పంచాయతులను పాత నగరపాలక సంస్థతో కలిపి మహానగర పాలక సంస్థను నిర్మించినపుడు ఈ రెండును అందులో లీనమైనవి. అంతకు మునుపు చెరువుగట్టు తెగినను, వీధిదీపము ఆరినను పోయి అడుగుటకు నడచిపోగల దూరమున ఒక కార్యాలయము, పేరుపెట్టి పిలువగల ఒక అధ్యక్షుడు నుండిరి. ఆ పాత సంఘములు ఆదర్శప్రాయములని చెప్పుటకు వీలులేదు. చెరువు శిఖములలో ఇండ్లు లేచుట వాని కాలముననే మొదలైనది. ఐనను తప్పు చేసినవాడెవడో ఊరికి తెలిసియుండెను. విలీనముతో రోడ్లు వెడల్పైనవి. మెట్రోరైలు 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగరు వరకు వచ్చినది. కాని అడుగదగినవాడు దూరమైనాడు.

ఈ ప్రాంతమున చెరువులు ఒకదానికొకటి క్రిందుగా గొలుసువలె నుండెడివి. పై చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు క్రింది చెరువునకు చేరును. సరూర్‌నగరు చెరువు నిండినచో ఆ నీరు మూసీనదికి పోవలెను. త్రోవ యున్నంతకాలము నీరు శాంతముగనే పోవును. త్రోవలో ఇండ్లు లేచినపుడు నీరు ఇండ్లలోనుండియే పోవును. నీటికి దస్తావేజులతో పనిలేదు. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి జరిగినదదియే. నగరపు తూర్పు పొలిమేరలో ఘట్‌కేసరు దగ్గర ఒక్కనాటిలో ముప్పది సెంటీమీటర్లకు మించిన వాన కురిసెను. హయత్‌నగరు, వనస్థలిపురము, సరూర్‌నగరు, నాగోలు ప్రాంతములలో కాలనీలకు కాలనీలే నీట మునిగినవి. మేడపై వాటాలలో నున్నవారు క్రింది వాటాల వారికి చోటిచ్చిరి. పిల్లల పుస్తకములు, బియ్యపు డబ్బాలు, వివాహమునకై దాచుకొన్న చీరలు బురదలో కలిసినవి. నీరు తీసినను బురద తీయలేదు. బురద తీసినను గోడల తడి యారలేదు. ఆ తడి యారకముందే యెన్నికలు వచ్చినవి.

ప్రభుత్వము వరదబాధిత కుటుంబములకు పదివేల రూపాయల చొప్పున సాయము ప్రకటించెను. అది కొందరికి అందెను, కొందరికి అందలేదు. అందనివారు దరఖాస్తులు చేతబట్టుకొని మీసేవ కేంద్రముల యెదుట బారులు తీరిరి. నవంబరు 17న ఎన్నికల ప్రకటన వెలువడెను. మరునాడే ఎన్నికల సంఘము సాయము పంపిణీని నిలిపివేయించెను. నియమము దృష్ట్యా అది సబబే కావచ్చును. కాని తెల్లవారుజామునుండి బారులో నిలిచి రిక్తహస్తములతో ఇల్లు చేరిన గృహిణికి నియమావళి యెట్లు బోధపడును? ఆపినది ఫలానా పక్షమని ఒకరు, కానే కాదని మరియొకరు నిందించుకొనిరి. తాము గెలిచినచో ఇరువదియైదువేలు ఇత్తుమని ప్రతిపక్షము మాట యిచ్చెను. ఈ స్థితిలో డిసెంబరు 1న ఓట్లు పడినవి. కోపగించిన యింటివాడు తలుపు తట్టినవానిని ముఖము చూచి తిట్టడు. ఎవడు ఎదుట బడిన వానినే తిట్టును. అధికారములో నున్న పక్షము ఎదుట నుండెను.

దానిని పక్షాభిమానముగా పరిగణించినవారు ఎంత పొరబడిరో తరువాతి కథయే చెప్పినది. లింగోజీగూడలో గెలిచిన అభ్యర్థి ప్రమాణస్వీకారమునకు మునుపే దురదృష్టవశమున మరణించెను. 2021 ఏప్రిలు 30న ఉపయెన్నిక జరుగగా ఆ స్థానము కాంగ్రెసునకు పోయెను. నడుమ గడచినవి ఐదు మాసములు మాత్రమే. 2018లో శాసనసభకు ఎల్.బి. నగరు కాంగ్రెసు అభ్యర్థిని పంపినది. 2023లో, అప్పటికి భారత రాష్ట్ర సమితిగా పేరు మారిన పక్షపు అభ్యర్థిని పంపినది. ఈ నియోజకవర్గము చేరియున్న మల్కాజిగిరి లోక్‌సభా స్థానము 2019లో కాంగ్రెసునకు, 2024లో భారతీయ జనతా పక్షమునకు దక్కినది. ఆరేండ్ల వ్యవధిలో మూడు పక్షములును ఈ నేలపై గెలిచినవి, మూడును ఓడినవి. దీనిని కొందరు చపలచిత్తమందురు. చపలచిత్తము కాదిది, ఓటరు ఎవరి సొత్తును కాడను ప్రకటన. లోక్‌సభకు ఒకమాట, శాసనసభకు ఒకమాట, పేటకు ఒకమాట చెప్పగల విచక్షణ సామాన్యమైన గుణము కాదు. చిక్కంతయు, అతడు పేటకు చెప్పిన మాటను పేటకై వినువాడు లేకపోవుటయందున్నది.

విననక్కరలేని విధముగనే సంస్థ నిర్మాణమున్నది. పదునొకండు పేటలు ఏకకంఠముగా తీర్పు చెప్పినవి సరే. ఆ తీర్పునకు ఫలమేమి? 2021 ఫిబ్రవరి 11న మేయరు ఎన్నిక జరిగెను. తూర్పు పేటలనుండి గెలిచిన ఆర్.కె. పురము సభ్యురాలినే ప్రతిపక్షము నిలబెట్టెను. కాని ఆ సభలో ఓటు వేయువారు ప్రజలు డివిజనులలో ఎన్నుకొన్న సభ్యులు మాత్రమే కారు. శాసనసభ్యులు, శాసనమండలి సభ్యులు, పార్లమెంటు సభ్యులు పదవిరీత్యా నలుబదిమందికి పైగా అక్కడ చేరి చేతులెత్తిరి. మజ్లిసు మద్దతుతో తెలంగాణ రాష్ట్ర సమితికే మేయరు పీఠము దక్కెను. చట్టమునకు విరుద్ధమైనదేదియు జరుగలేదు, జరిగినదంతయు చట్టప్రకారమే. అందుచేతనే చింత. పదవిరీత్యా సభ్యులు చర్చలో పాల్గొనుట మంచిదే. రాష్ట్రమునుండి నిధులు తెచ్చుటకు వారి పలుకుబడి ఉపకరించును. కాని పేటల పెద్ద నెన్నుకొనుచోట పేటలలో ఓటడుగనివానికి ఓటుండుట న్యాయము కాదు. ఏ పక్షము లాభపడినను ఈ మాట మాటయే.

ఇక గెలిచిన కార్పొరేటరు సంగతి. అతడు కాలువ తవ్వింపగోరినచో ఇంజనీరును అడుగవలెను. ఇంజనీరు కమిషనరును అడుగవలెను. కమిషనరును నియమించునది రాష్ట్ర ప్రభుత్వము. కార్యనిర్వహణాధికారమంతయు కమిషనరుదే. కార్పొరేటరు ప్రజలచేత తిట్లు తినుటకు ఎన్నుకోబడినవాడు, పనులు చేయించుటకు బ్రతిమాలవలసినవాడు. 2021లో వరదనీటి కాలువల బాగునకై ప్రత్యేక కార్యక్రమమొకటి చేపట్టి ఈ ప్రాంతమున కూడ పనులు చేసిరి, అది మెచ్చదగినదే. ఐనను ఏ కాలువ ముందు, ఏ కాలువ వెనుక అను నిర్ణయము ఆ కాలువ యొడ్డున నివసించువారి యెదుట జరుగలేదు. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షల జనాభా మించిన నగరములలో వార్డు కమిటీలుండవలెనని 243-ఎస్ అధికరణమున శాసించినది. ఆ కమిటీ ఏ నెలలో ఎక్కడ కూడినదని చైతన్యపురిలో పదిమందిని అడిగినచో జవాబు చెప్పగలవారెందరు? చట్టము పుస్తకములో నిద్రించుచున్నది; కాలువ వీధిలో పొంగుచున్నది.

తప్పంతయు పాలకులదేనని చెప్పి చేతులు దులుపుకొనుట సులభము. కాని ఆ యెన్నికలలో మరియొక అంకె యున్నది. అది అన్నిటికంటె పెద్దది. దానిపై మాత్రము ఏ పక్షపు రంగును లేదు. ఓటర్లు 74 లక్షలకు పైన. ఓటు వేసినవారు నూటికి 46 మందికి కొంచెము పైన. 2016లో ఆ సంఖ్య 45. అనగా రెండుమార్లును గెలిచినది ఏ పక్షమును కాదు, గడపదాటనివారి పక్షమే. నూటికి 46 మంది ఓటు వేయగా అందు సగము తెచ్చుకొన్న అభ్యర్థియు నూటికి 23 మందికే ప్రతినిధి. మిగిలిన 77 మంది పేర అతడు సంతకము చేయును.

దీనికి కారణములు లేకపోలేదు. కరోనా భయము నాటికింకను తగ్గలేదు. శని ఆదివారములు గడచి, సోమవారము కార్తీక పూర్ణిమ సెలవు కాగా, మంగళవారము పోలింగు వచ్చెను. నాలుగు దినములు కలిసివచ్చెనని స్వగ్రామములకు పోయినవారు కలరు. దిల్‌సుఖ్‌నగరు విషయమున మరియొక విశేషమున్నది. అది విద్యార్థుల పేట. ఉద్యోగపు పరీక్షలకు, ఇంజనీరింగు ప్రవేశములకు తర్ఫీదునిచ్చు కేంద్రములు సందుసందున కలవు. నల్లగొండ, మహబూబ్‌నగరు, ఖమ్మము మొదలగు జిల్లాలనుండి వచ్చిన యువకులు ఒక్కొక్క గదిలో నలుగురు చొప్పున వసతిగృహములలో నుందురు. ఆ గది క్రింది మురుగు వారి ముక్కునకే సోకును. ఆ కుళాయి నీరు వారే త్రాగుదురు. వాన కురిసిననాడు మోకాటిలోతు నీటిలో వారే నడతురు. కాని వారి ఓట్లు స్వగ్రామములలో నుండును. రాజ్యాంగమున స్థానిక స్వపరిపాలన అధికరణములన్నియు వారికి కంఠస్థము. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చినచో తడబడక వ్రాయుదురు. తాము నివసించు డివిజను సంఖ్య యెంతయని అడిగినచో మాత్రము ముఖముఖములు చూచుకొందురు. ఇంతకంటె విషాదమైన హాస్యము మరొకటి యున్నదా?

ఇతర దేశములలో ఏమి చేయుచున్నారో చూచుట ఉపయోగకరము. ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రములలో పురపాలక మండలులకు సైతము ఓటు వేయుట విధి. వేయనివారు జరిమానా చెల్లింపవలెను. టాస్మేనియా రాష్ట్రమున 2018 వరకు స్థానికసభల ఓటు ఐచ్ఛికమే. అప్పుడు నూటికి అరువదిమందియైనను ఓటు వేయలేదు. 2022లో దానిని నిర్బంధము చేయగా ఆ సంఖ్య ఎనుబది నాలుగు దాటినది. మనుష్యులు వారే, ఊళ్ళు అవే, మారినది చట్టము. ఆ దేశపు గ్రామసీమలలో స్థానిక సభలకు పోటీచేయువారిలో అనేకులు ఏ పక్షమునకును చెందనివారే. వారిని అడుగు ప్రశ్నలు రోడ్డు, వంతెన, చెత్త, పన్ను. అట్టి నిర్బంధము ఇచ్చట కూడ పెట్టవలెనని కొందరందురు. ఆ సలహాకు తొందరపడి తలయూపరాదు. దినకూలి మానుకొని బారులో నిలువలేనివానికి జరిమానా వేయుట దండించుట యగునే గాని ధర్మము కాదు. ఓటర్ల జాబితానుండి పేరు గల్లంతైనవానిని ఎవరు దండింపవలెను? ముందు జాబితా సరిచేయవలెను. నివాసము మారిన విద్యార్థి ఓటును వెంటనే అచ్చటికి మార్చుకొను వీలును ప్రతి కళాశాలలో కల్పింపవలెను. అటుపిమ్మట నిర్బంధము మాట.

అంత దూరము పోనక్కరలేని దృష్టాంతమొకటి దక్షిణ దేశముననే కలదు. చోళరాజగు మొదటి పరాంతకుని కాలమున, పదియవ శతాబ్ది తొలిపాదమున, ఉత్తరమేరూరు గ్రామసభ తన సభ్యుల యెంపిక నియమములను శిలపై చెక్కించినది. పేర్లు వ్రాసిన తాటియాకులను కుండలో వేసి తీయించుట ఆ పద్ధతి. నాటి అర్హతలలో ఆస్తి, వేదాధ్యయనము వంటివి నేటికి పనికిరావు. స్త్రీలకు, శ్రామికులకు అందు చోటు లేదు. నేటి నగరపాలక సంస్థలో సగము స్థానములు స్త్రీలవగుట ఆ రాతికంటె వేయిరెట్లు గొప్ప విషయము. కాని ఆ నియమములలో ఒకటి మాత్రము వెయ్యేండ్లు దాటినను వాడి తగ్గలేదు: సంఘములో పనిచేసి లెక్క అప్పగింపనివాడును, వాని బంధువులును మరల ఆ పదవికి అనర్హులు. ఒక్కసారి ఆలోచింపుడు. ఏ డివిజనులో ఎంత ఖర్చైనది, ఏ కాలువకు ఎంత పోసిరి, పూడిక ఎన్ని బండ్లు తీసిరి అను లెక్కను ఏటేట వీధిమొగలో పలకపై వ్రాయించి, ఆ లెక్క చెప్పనివానికి రెండవమారు పోటీ లేదన్నచో, ఎన్నికల ఉపన్యాసముల స్వరూపమే మారిపోవును గదా!

పేట యెన్నికలలో పక్షములకు చోటే ఉండరాదనువారు కలరు. ఆ వాదము విన సొంపుగానున్నను ఆచరణలో నిలువదు. పక్షము లేనిచోట కులము వచ్చి కూర్చుండును. కులము లేనిచోట ధనము కూర్చుండును. పక్షములుండవలసినదే, కాని అవి పేటకు పేట ప్రణాళికతో రావలెను. 2020లో దేశమంతటి నాయకులు ఈ వీధులలో ఊరేగిరి. నగరపు పేరు మార్చుటనుండి సరిహద్దుల రక్షణ వరకు అన్ని విషయములును వినవచ్చినవి. సరూర్‌నగరు చెరువు అలుగు నీరు ఏ సందున పోవలెనో చెప్పినవారు మాత్రము అరుదు. రెండు పెద్ద పక్షములకు పడిన ఓట్లలో తేడా నూటికి ఒకటియైనను లేదు. అంత సన్నని యంచుపై తీర్పు నిలిచినపుడు ఒక్కొక్క పేటలో ఒక్కొక్క ప్రశ్నకు ఎంత విలువ యుండవలెను!

మరియొక దోషమును కూడ చెప్పక తీరదు. 2007లో ఏర్పడిన సంస్థకు తొలి యెన్నికలు 2009 నవంబరులో గాని జరుగలేదు. ఆ తొలి పాలకమండలి కాలము 2014 డిసెంబరులో ముగియగా రెండవ యెన్నికలు 2016 ఫిబ్రవరిలో జరిగినవి. తొమ్మిదేండ్లలో మూడున్నర యేండ్లకు పైగా ఎన్నికైన సభ లేకయే నగరము నడచినది. కాలము ముగియకముందే ఎన్నికలు పూర్తిచేయవలెనని 243-యు అధికరణము చెప్పుచున్నది. 2025 డిసెంబరులో చుట్టునున్న 27 పురపాలక సంస్థలను నగరమున చేర్చి, డివిజనులను 300 చేసిరి. దానితో ఆ పాత పదునొకండు డివిజనుల గీతలును చెదరినవి. గీతలు ఎన్నిమారులు చెరిపినను, సంస్థను పెంచినను పంచినను, నీరు పల్లమునకే పోవును. పటములు గీయువారు ముందుగా అలుగుల త్రోవలు గీచి, పిమ్మట డివిజనులు గీచినచో ఎంత బాగుండును!

ఇందు ఉపాధ్యాయులు చేయగల పని యొకటి యున్నది; దానికి జీ.వో. అక్కరలేదు, నిధులక్కరలేదు. పౌరశాస్త్రములో స్థానిక స్వపరిపాలన పాఠము వచ్చినరోజున పుస్తకము మూసి పిల్లలను వీధిలోనికి తీసికొనిపోవలెను. పాఠశాల యెదుటి కాలువ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోవుచున్నదో వారిచేత పటము గీయింపవలెను. 2020 అక్టోబరులో నీరు ఏ గోడపై ఎంత ఎత్తు వచ్చెనో ఇంటిలో పెద్దలనడిగి గుర్తు పెట్టింపవలెను. ఆ గుర్తు ప్రక్కన తమ డివిజను పేరు, సభ్యుని పేరు, ఓటు వేసినవారి శాతము వ్రాయింపవలెను. పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థి తొలి ఓటు కోరి వచ్చినవానిని తన పటము చూపి, ఈ నీరు ఎటు పోవలెనో చెప్పుమని అడుగగలిగినచో, ఆ పాఠము పూర్తియైనట్లు.

పదునొకండు పేటలు 2020లో చెప్పిన మాటను పటములు రంగుగా చూపినవి, పక్షములు విజయముగా చాటుకొన్నవి. అది నిజమునకు ఒక ఫిర్యాదు. ఫిర్యాదులు అందుకొన్నవారు రసీదు మాత్రము వ్రాసియిచ్చిరి. వచ్చు ఎన్నికలలోనైన దానికి జవాబు రాకున్నచో, మరల ఒక రాత్రి వాన ఆ జవాబును ఇండ్లలోనికి తెచ్చి అప్పగించును.